ఆఫీసు ఇంగ్లీషు పలుకుబళ్ళు – వాటి వెనుకనున్న పనివారు
(ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



జూబ్లీ సంఘంవారు నన్ను ప్రసంగించమని కోరినప్పుడు పాఠశాల చరిత్ర చెప్పమంటారేమోనని సంకోచించాను. ఆ పని నాకంటె సమర్థంగా చేయగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. సంఘం కార్యదర్శిగారు నవ్వి, "మీరు 1974 మొదలు 2011 వరకు ఆఫీసు ఫైళ్ళ మధ్యనే గడిపారు కదా, ఆఫీసులలో వినిపించే ఇంగ్లీషు పలుకుబళ్ళను గురించి మాట్లాడండి. తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలకు అక్కడే కాలు తడబడుతున్నది" అన్నారు. కాలు తడబడడమంటే ఏమిటో నాకు చాలా బాగా తెలుసును. కనుక అంగీకరించాను.

విషయంలోకి వెళ్ళేముందు ఒక పాత సంగతి చెప్పవలసి ఉన్నది. అది నాకు గర్వకారణమైనది కాదు.

1968లో నేను తొమ్మిదవ తరగతి చదువుతున్నాను. మన షోలాపూరు తెలుగు పేటలలో ఆనాడు ఇంటింటా మగ్గపు చప్పుడు, వాకిటి అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు. తెలంగాణ నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలలో ఇంగ్లీషు అక్షరం తెలిసినవారు తక్కువ. వీధికి ఒక ఉత్తరం వస్తే, హైస్కూలుకు వెళ్ళే పిల్లవాడే ఆ వీధికి వకీలు. మా వీధికి నేను.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక వృద్ధుడుండేవాడు. అందరమూ తాతా అనే పిలిచేవాళ్ళం. ఒక మిల్లులో చాలాకాలం పనిచేసి ఆరోగ్యం చెడి మానేశాడు. ఒకనాటి సాయంకాలం ఆ మిల్లునుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొని వచ్చి, "ఏం రాసిన్రు సూడు బిడ్డా" అన్నాడు. ఉత్తరంలో రెండే వాక్యాలు. మొదటి వాక్యంలో తాత పేరు, నూట నలభై రూపాయల అడ్వాన్సు సంగతి, చివరన 'రిటెన్ ఆఫ్' అనే రెండు మాటలు. 'రిటెన్' అంటే వ్రాయబడినది. 'ఆఫ్' నాకు పట్టుబడలేదు. అయినా తెలియదనడానికి నామోషీ. "నీ పేరు మీద నూట నలభై బాకీ ఉన్నదని వ్రాసి పంపారు తాతా" అన్నాను. రెండవ వాక్యం చదవనే లేదు.

తాత మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మరునాడు అవ్వ కాళ్ళ వెండి కడియాలు సాహుకారు వద్ద కుదువబెట్టి, ఆ డబ్బు గుడ్డలో ముడివేసుకొని, మిల్లు ఆఫీసుకు నడిచి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఖాతా చూసి, "నీ బాకీ కొట్టివేశాము కదా, వసూలు చేయబోమని కూడ వ్రాశాము కదా" అని తిప్పి పంపాడట. డబ్బు తిరిగి వచ్చింది. కాని సాహుకారు నెలలోపు కడియాలు ఇవ్వనన్నాడు, నెల వడ్డీ ముందే పట్టుకున్నాడు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. "కొట్టేసిన్రంట బిడ్డా. ఇంగ్లీసు సక్కగ నేర్సుకో" అన్నాడు, అంతే. అవ్వ బోసి కాళ్ళతో తిరుగుతున్న ఆ నెలంతా నేను ఆ ఇంటి ముందునుంచి వెళ్ళకుండా వెనుక సందులోనుంచి బడికి వచ్చేవాడిని.

చూడండి, తెలుగులో "బాకీ కొట్టివేయడం" అనే మాట మా ఇంట్లో రోజూ వాడేదే. ఖాతాపుస్తకంలో బాకీ మీద గీత కొడతారు, బాకీ పోతుంది. ఇంగ్లీషు 'రైట్ ఆఫ్' పుట్టినదీ ఖాతాపుస్తకంలోనే. రెండు భాషల గుమాస్తాలూ ఒకే పని చేసి, దానికి చెరొక మాట పెట్టుకున్నారు. నాకు మాట తెలియకపోయినా పని తెలుసును. ఆ పని గుర్తుకు రాలేదు. పదాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు అర్థం వెదికాను.

మరొక హెచ్చరిక కూడ ఇక్కడే చెప్పడం మంచిది. ఈనాడు బ్యాంకులు 'రైట్ ఆఫ్' చేశాయని పత్రికలలో చదివి బాకీ మాఫీ అయినదని సంతోషించేవారున్నారు. బ్యాంకు భాషలో రెండూ ఒకటి కావు. రాని బాకీని బ్యాంకు తన ఆస్తుల లెక్కలోనుంచి తొలగించుకుంటుంది, అంతే. బాకీదారు మీద హక్కు అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నమూ సాగుతుంది. బాకీ వదలివేస్తే దానిని 'వేవర్' అంటారు. మా తాతకు వచ్చిన ఉత్తరంలో రెండవ వాక్యం ఉన్నది కనుక సరిపోయింది. అలాంటి ఉత్తరం మీ ఇంటికి వస్తే రెండవ వాక్యం దాకా చదవండి.

ఈ సంగతి నేను మా ఇంగ్లీషు మాస్టారుగారితో చెప్పుకొని ఏడ్చాను. ఆయన కొట్టలేదు, ఓదార్చనూ లేదు. నలభై పుటల నోటు పుస్తకం ఒకటి తెచ్చుకోమన్నారు. "నాయనా, పలుకుబడి కనిపించినప్పుడల్లా అర్థం తరువాత వ్రాయి. ముందు దీనిని మొదట పలికినవాడు ఎవడై ఉంటాడో అడుగు. నావికుడా, నేతగాడా, గుమాస్తానా, జూదరా? వాడి చేతిలో ఏ పనిముట్టు ఉన్నదో చూడు. అర్థం దానంతట అదే వస్తుంది" అన్నారు. భాషాశాస్త్రజ్ఞులు దీనిని ఎంతవరకు ఒప్పుకుంటారో గాని, నాకు ఉద్యోగమంతా ఇదే అక్కరకు వచ్చింది.

అక్కరకు రావడానికి ముందు ఒకసారి నవ్వుల పాలైనాను కూడ. 1974లో ముంబయిలో ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరిన మొదటి రోజు, అధికారిగారు హెడ్ గుమాస్తాను పిలిచి, 'షో హిమ్ ది రోప్స్' అని నన్ను అప్పగించారు. రోప్స్ అంటే తాళ్ళు. రికార్డు గదిలో ఫైళ్ళ కట్టలు కట్టే తాళ్ళు చూపిస్తారు కాబోలుననుకున్నాను. హెడ్ గుమాస్తాగారు రోజంతా ఆవక జావక రిజిస్టర్లు, ఫైలు నంబర్లు వేసే పద్ధతి, నోటు ఎడమవైపు, ఉత్తరం కుడివైపు ఉంచే తీరు చెప్పుకొచ్చారు. సాయంత్రం ఐదయింది. "అయ్యా, తాళ్ళు ఎప్పుడు చూపిస్తారు?" అని అడిగాను. ఆ హాలులో ఇరవైమంది ఉన్నారు. ఆ తరువాత రెండు సంవత్సరాలు నా పేరు అక్కడ 'రోప్స్'.

ఆ రాత్రి మాస్టారుగారి ప్రశ్న వేసుకున్నాను. తాళ్ళతో పని ఎవరికి? ఓడ నడిపేవారికి. తెరచాపల ఓడలలో ఒక్కొక్క చాపకు ఎన్నో తాళ్ళు. ఏ తాడు లాగితే ఏ చాప కదులుతుందో తెలియనివాడు ఓడ మీద ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదట ఆ తాళ్ళు నేర్పేవారు. అమెరికాకు చెందిన రిచర్డ్ హెన్రీ డానా అనే రచయిత తాను నావికుడుగా పనిచేసిన అనుభవాన్ని 1840లో పుస్తకంగా ప్రచురించాడు. అందులోనే ఈ మాట కనిపిస్తుంది. ఆ ఓడలు పోయినా మాట ఒడ్డుకు ఎక్కి ఆఫీసులలో చేరింది. మన ఇళ్ళలో పిల్లవాడిని మగ్గం గుంటలో దించే ముందు కండెలు చుట్టడం నేర్పుతాము. అదే ఇదీ.

'స్ట్రైక్' కూడ ఓడ మీది మాటే. మిల్లు ఊరివాళ్ళం, మనకు సమ్మె అంటే కొత్త కాదు, పొరుగు మరాఠీవారి 'సంప్' అనే మాటా కొత్త కాదు. కాని కొట్టడం అనే అర్థమున్న మాట సమ్మెకు ఎలా వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? నావికుల భాషలో తెరచాప దించడాన్ని 'స్ట్రైక్' అంటారు. 1768లో లండన్ రేవులో నావికులు కూలి విషయమై తగవు పెట్టుకొని ఓడల చాపలు దించివేశారు. చాప దిగితే ఓడ కదలదు. ఎవరినీ కొట్టలేదు, చాప దించారు.

ఇక మన వృత్తికి వద్దాము. ఇంగ్లీషు భాషలో నేతగాళ్ళ సొమ్ము ఎంత ఉన్నదో తెలిసిన తరువాత నాకు ఆ భాషంటే భయం సగం తగ్గిపోయింది.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయి ఫలితం కోసం ఎదురుచూసేవాడిని 'ఆన్ టెంటర్‌హుక్స్' అంటారు. పూర్వం ఇంగ్లండులో ఉన్ని బట్ట నేసిన తరువాత దానిని తడిపి, త్రొక్కి, శుభ్రపరచేవారు. తడిసిన ఉన్ని ఆరితే ముడుచుకుంటుంది. అందుకని ఆరుబయట పొడవాటి కొయ్య చట్రాలు నాటి, వాటి అంచుల వెంబడి వంకర మేకులు కొట్టి, బట్టను వాటికి తగిలించి బిగించి ఎండబెట్టేవారు. ఆ చట్రం పేరు టెంటర్, ఆ మేకులు టెంటర్‌హుక్స్. మేకులకు తగిలి లాగిపట్టి ఉన్న గుడ్డ స్థితి ఎటువంటిదో నేతవారి పిల్లలకు ఇంకొకరు చెప్పాలా? మన తెలుగులో "ముళ్ళ మీద కూర్చున్నట్లు" అంటాము. మా ఆఫీసులో ఒకరు దీనిని 'టెండర్ హుక్స్' అని వ్రాసేవారు. టెండర్లు తెరిచే రోజున వరండాలో కాంట్రాక్టర్ల ముఖాలు చూస్తే, తప్పు అయినా అదే బాగున్నదనిపించేది.

నాసిరకపు పనిని 'షాడీ' అంటారు. పై అధికారి ఈ మాట మన పని మీద వ్రాస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు. కాని మొదట ఇది తిట్టు కాదు, ఒక సరుకు పేరు. యార్క్‌షైరులోని బాట్లీ అనే ఊళ్ళో బెంజమిన్ లా అనే ఆయన 1813 ప్రాంతంలో పాత ఉన్ని గుడ్డలను చీల్చి, పీచుగా చేసి, కొత్త ఉన్ని కొంత కలిపి మళ్ళీ నూలు వడికే పద్ధతి కనిపెట్టాడు. దాని పేరు షాడీ. చవకగా దొరికేది. పేదవారికి చలి కాచింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో కొందరు వర్తకులు దానితో సైనికుల దుస్తులు కుట్టించి అమ్మారు. వానకు, ఎండకు అవి పీలికలైనాయి. అప్పటినుంచి మాటకు చెడ్డపేరు అంటుకున్నది. మన దేశంలో పానిపట్టులో పాత ఉన్ని గుడ్డలతో దుప్పట్లు చేసే పరిశ్రమ నేటికీ ఉన్నది, ఎందరికో అన్నం పెడుతున్నది. వర్తకుడు చేసిన మోసానికి సరుకు పేరు తిట్టయింది. నేతగాడికి ఇందులో పాపం లేదు.

ఒక అభిప్రాయంలో పూర్తిగా మునిగినవాడిని 'డైడ్ ఇన్ ది వుల్' అంటారు. వడకక ముందే ఉన్నికి రంగు వేస్తే రంగు లోలోపలికి పడుతుంది, తరువాత ఏ ఉతుకుకూ పోదు. మన షోలాపూరు చద్దరు సంగతి మీకు తెలియనిదా? నేసిన తరువాత అద్దే రంగు కాదు అది. నూలుకే రంగు వేసి, ఆ రంగు నూళ్ళతో జకార్డు మీద పువ్వు తీస్తాము. ఈ పలుకుబడిని తరగతిలో చెప్పడానికి నిఘంటువు అక్కరలేదు, ఒక చద్దరు తిరగేసి చూపిస్తే చాలును.

అన్నిటికంటె నాకు ఇష్టమైనది షటిల్. రెండు ఊళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగే బస్సును షటిల్ అంటారు, రెండు దేశాల మధ్య తిరిగే రాయబారాన్నీ అంటారు. షటిల్ అంటే మన నాడె. పడుగు మధ్య అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పరుగెత్తే నాడె. తెలుగులో ఊరికే అటూ ఇటూ తిరిగేవాడిని "ఆసులో కండెలాగ తిరుగుతున్నాడు" అంటాము. ఒక సంతకం కోసం నాలుగు బల్లల మధ్య తిరిగే పౌరుడికి ఇంతకంటె మంచి వర్ణన ఏ భాషలోనైనా ఉన్నదా? లండను నేతగాడు నాడెను చూశాడు, మనవాడు ఆసును చూశాడు. ఇద్దరికీ తోచినది ఒకటే.

గుమాస్తాల పలుకుబళ్ళు నా స్వంత కులం. వాటిలో మొదటిది 'రెడ్ టేప్'. మన మరాఠీ మిత్రులు దీనిని లాల్‌ఫీత్‌శాహీ అంటారు. ఇంగ్లండులో ప్రభుత్వ పత్రాలను, కోర్టు పత్రాలను ఎర్రని నాడాతో కట్టేవారు. ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. నేను వేలసార్లు ఆ నాడా విప్పాను, వేలసార్లు కట్టాను. విప్పడం ఆలస్యమైతే లోపలి మనిషి బ్రతుకు ఆగిపోతుంది. డికెన్స్ 1855–57 మధ్య ప్రచురించిన 'లిటిల్ డోరిట్' నవలలో ఏ పనినీ ఎలా చేయకూడదో బాగా తెలిసిన ఒక కల్పిత ప్రభుత్వ కార్యాలయాన్ని వర్ణించాడు. అది చదివినప్పుడు మా ఆఫీసు ఆయనకు ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

'పాసింగ్ ది బక్' అంటే బాధ్యతను ప్రక్కవాడి మీదికి నెట్టడం. ఇది జూదరుల మాట. పేకాటలో పంచే వంతు ఎవరిదో గుర్తుగా వాడి ముందు ఒక వస్తువు ఉంచేవారు. దాని పేరు బక్. పంచడం ఇష్టం లేనివాడు దానిని ప్రక్కవాడికి జరిపేవాడు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు 1945లో ఎవరో ఒక ఫలకం బహూకరించారు. ఆ బక్ ఇక్కడ ఆగుతుంది అని దాని మీద ఉన్నది. ఆయన దానిని తన బల్ల మీద ఉంచుకున్నాడు. నేను పనిచేసిన ఏ బల్ల మీదా అటువంటి ఫలకం కనిపించలేదు. మన భాషలో ఇందుకు "చేతులు దులుపుకోవడం" ఉన్నది. 

ఒకే మాటకు రెండు దేశాలలో విరుద్ధార్థాలు ఉన్న సందర్భమూ ఉన్నది. 'టేబుల్' చేయడం అంటే బ్రిటిషువారికి విషయాన్ని చర్చకు తీసుకొనడం. అమెరికావారికి చర్చను వాయిదా వేయడం. రెండవ ప్రపంచయుద్ధంలో ఉభయ దేశాల సేనాధికారులు ఒక పత్రం విషయంలో ఈ మాట మీద చాలాసేపు వాదించుకొని, చివరకు తామిద్దరూ కోరుతున్నది ఒకటేనని గ్రహించారని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాశాడు. ఇంగ్లీషు మాతృభాష అయినవారికే ఇంత తిప్పలు. తొమ్మిదవ తరగతి పిల్లవాడు 'రైట్ ఆఫ్' దగ్గర పడిపోవడంలో వింత ఏమున్నది? చెప్పకుండా ఆఫీసు ఎగవేయడాన్ని ఇంగ్లీషువారు 'ఫ్రెంచి లీవు' అంటారు. చెప్పకుండా జారుకొనడాన్ని ఫ్రెంచివారు ఇంగ్లీషు పద్ధతిలో పోవడం అంటారు. దీనికి వ్యాఖ్య అనవసరం.

పూర్వ విద్యార్థులలో పుణేలో, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తున్నవారు చాలామంది వచ్చారు. వారి నోట నిమిషానికి ఒకసారి వచ్చే మాట 'డెడ్‌లైన్'. గడువు అని దాని అర్థం. కాని పుట్టుక వింటే మరునాడు వాడబుద్ధి కాదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల శిబిరం ఉండేది. కంచెకు లోపలి వైపున కొంత దూరంలో ఒక గీత ఏర్పరచారు. దానిని దాటిన ఖైదీని కావలివాళ్ళు తుపాకీతో కాల్చేవారు. అదే డెడ్‌లైన్. తరువాత అమెరికా పత్రికా కార్యాలయాలలో వార్త అందవలసిన ఆఖరి సమయానికి ఈ పేరు పెట్టారు. ఉద్యోగులైన మా పిల్లలతో నేను "గడువు ఎప్పుడు?" అనే అడుగుతాను. గడువు దాటితే మాట పడవచ్చు, ప్రాణం పోనక్కరలేదు.

వారి మరొక కొత్త మాట 'మూన్‌లైటింగ్'. ఒక ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట మరొకటి చేయడం. 2022లో మన దేశపు సాఫ్ట్‌వేరు రంగంలో ఇది తప్పా ఒప్పా అని పెద్ద చర్చ జరిగింది. నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. పగలు కండెలు చుట్టి, వంట చేసి, మేము పడుకున్న తరువాత బుడ్డి దీపం వెలుగులో మరునాటి బీడీల కోసం తునికాకు కత్తిరించేది. ఆ పనికి పేరు లేదు. చర్చ కూడ జరగలేదు.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. నేను తెలుగు మాధ్యమాన్ని పొగిడి ఇంటికి వెళ్ళిపోతే అది నిజాయితీ కాదు. నా మనుమరాలు ఆంగ్ల మాధ్యమంలోనే చదువుతున్నది. దానికి డెడ్‌లైన్ తెలుసు. ఎక్కడి పని అక్కడే ఉంటే 'బ్యాక్ టు స్క్వేర్ వన్' అంటుంది. మొన్న నేను "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉన్నది" అంటే, గొంగడి అంటే ఏమిటి తాతయ్యా అని అడిగింది. నేతవారి ఇంటి పిల్ల! నేను తెలుగు బడినుంచి వెళ్ళి 'రోప్స్' దగ్గర పడ్డాను, అది ఇంగ్లీషు బడినుంచి వచ్చి గొంగడి దగ్గర పడింది. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

పలుకుబడిని మాటకు మాటగా ఒక భాషనుంచి మరొక భాషకు దింపితే ఏమవుతుందో పత్రికలు చూస్తే తెలుస్తుంది. "బంతి ఇప్పుడు మీ కోర్టులో ఉన్నది" అని తెలుగులో వ్రాస్తున్నారు. అది టెన్నిసు ఆటస్థలం. మా వీధిలో ఒక పెద్దాయన ఆ వార్త చదివి, "బంతి కోసం కోర్టుకెక్కిన్రా?" అని అడిగాడు. ఆయనను తప్పు పట్టలేము. తప్పుడు లెక్కలు వ్రాయడాన్ని ఇంగ్లీషులో పుస్తకాలు వండడమంటారు. దానిని తెలుగులో వండనక్కరలేదు, మనకు "కాకిలెక్కలు" ఉన్నవి. లంచమివ్వడాన్ని వారు అరచేతికి జిడ్డు పూయడమంటారు, మనము చేయి తడపడమంటాము. వారికి కీచుమనే బండి ఇరుసు కనిపించిందేమో, మనకు దానం ధారపోసేటప్పటి నీళ్ళు కనిపించినవేమో, ఇది నా ఊహ మాత్రమే. అన్నిటికీ తల ఊపేవాడికి వారు 'యెస్ మ్యాన్' అని పేరు పెట్టి ఊరుకున్నారు. మనవాళ్ళు గంగిరెద్దును ముందు నిలబెట్టారు. ఈ ఒక్క చోట మనదే పైచేయి అని నా తీర్పు.

ఉపాధ్యాయులకు చిన్న విన్నపం. గైడు పుస్తకంలో ఎడమవైపు పలుకుబడి, కుడివైపు అర్థం, యాభై ఒకేసారి కంఠస్థం చేయించే పద్ధతి నాకు తెలుసును, నేనూ అలాగే చేసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాను. ఆ మార్కులు తాత ఉత్తరం చదవడానికి పనికిరాలేదు. వారానికి రెండే చెప్పండి. ఆ మాట వెనుక పనిని చూపించండి, దాని ప్రక్కన మన ఊరి పనిలోనుంచి పుట్టిన తెలుగు మాట పిల్లలనే వెదికి తెమ్మనండి. ఇంట్లో అవ్వను అడుగుతారు, తాతను అడుగుతారు. ఆ ఇంట ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, పని వచ్చినవారు ఉంటే చాలును.

అలాగే మన దేశపు ఆఫీసులలో మాత్రమే బ్రతుకుతున్న ఇంగ్లీషును గూర్చి పిల్లలు సిగ్గుపడవద్దని చెప్పండి. "అవసరమైన చర్య తీసుకొనవలెను" అనడానికి 'డూ ది నీడ్‌ఫుల్' అని నేను ముప్పై ఏడు సంవత్సరాలు వ్రాశాను. ఒకప్పుడు ఇంగ్లండువారు వ్రాసినదే అది. వారు మానుకున్నారు, మనము ఉంచుకున్నాము. విదేశీ కంపెనీకి వ్రాసేటప్పుడు మాత్రం మానడం మంచిది, వారికి పాతబడినట్లు తోస్తుంది. తేదీని ముందుకు జరపడానికి మనము వాడుకునే 'ప్రీపోన్' ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే చేరింది.

మాస్టారుగారు కొనుక్కోమన్న నలభై పుటల నోటు పుస్తకం ఇంకా నా వద్దనే ఉన్నది. అట్ట రెండుసార్లు మార్చాను. మొదటి పుటలో 1968లో నేను వ్రాసిన 'రైట్ ఆఫ్' ఉన్నది. దాని క్రింద బాకీ కొట్టివేయుట అని తెలుగు అర్థం, అందులో ఒక అక్షరదోషాన్ని మాస్టారుగారు ఎర్ర సిరాతో దిద్దినది కూడ అలాగే ఉన్నది. తాతను, అవ్వను ఆ పుటలో వ్రాయలేదు. వ్రాయడానికి అప్పుడు ధైర్యం లేకపోయింది. నిన్న రాత్రి వ్రాశాను.

ఈ ఉదయం ఆ పుస్తకాన్ని ప్రధానోపాధ్యాయులవారికి అప్పగించాను. గ్రంథాలయంలో బల్ల మీద ఉంచుతామన్నారు. చివరన పదకొండు పుటలు ఖాళీగా ఉన్నవి. మగ్గం దగ్గరివారు, బీడీ చాట దగ్గరివారు, కంప్యూటరు ముందువారు, ఎవరి పనిలోని మాట వారు వెళ్ళేముందు ఒకటి వ్రాసి వెళ్ళవలసినదిగా ప్రార్థన. కలం బల్ల మీదనే ఉన్నది.

సెలవు.